నీలిమందు నుండి జ్వరపుబిళ్ల దాక

నూలునకు ఇంటిలో రంగు వేయ నేర్చుకొనువారికి మొదటి వారములోనే ఒక వింత ఎదురగును. ఒకే కుండలో, ఒకే రంగునీటిలో, ఉన్నిదారమును ప్రత్తినూలును కలిపి ఉడికించి చూడుడు. ఉన్ని రంగును గాఢముగ త్రాగును. ప్రత్తినూలు కొద్దిగా పులుముకొని, రెండుమార్లు నీట జాడించునప్పటికి ఆ కొద్దియు విడిచివేయును. నిప్పు ఒకటే, నీరు ఒకటే, రంగు ఒకటే. ఒక పోగు దానిని పట్టుకొనుట, ఇంకొకటి వదలివేయుట ఏల?

ప్రశ్న చిన్నదే. దానిని పట్టు వదలక వెంబడించినవారు అద్దకపు తొట్టి వద్ద బయలుదేరి, మలేరియా రోగి మంచము ప్రక్కకును, రక్తము విషించిన బిడ్డ ప్రక్కకును వచ్చి చేరిరి. జబ్బుచేసిన పిల్లికూనకు ఏ మందు వేయవచ్చును, ఏది వేయరాదు అను విషయము కూడ ఈ త్రోవలోనే తగులును. నీలిచెట్టు నుండి తీసిన రంగును మనవారు నీలిమందు అని పిలుచుట అందరు ఎరిగినదే. రంగునకు మందని పేరు పెట్టిన పెద్దలు ఏమి తలచిరో కాని, 19వ శతాబ్దిలో ఆ మాట అక్షరాల నిజమైనది.

కరక్కాయ, పటిక, చిరివేరు

ప్రత్తికి రంగు పట్టదన్న చిక్కు మన దేశమువారికి చిరకాలముగ తెలిసినదే. దానికి విరుగుడును వారికి తెలియును. కృష్ణానది సముద్రమున కలియు ప్రాంతపు ఇసుకనేలలలో చిరివేరు అను చిన్న మొక్క పెరుగును. దాని సన్నని వేరులో అలిజరిన్ అను ఎఱ్ఱని పదార్థము కలదు. 17వ శతాబ్ది మొదట డచ్చివారును ఇంగ్లీషువారును మన తీరమునకు వచ్చి చేరుటకు ముఖ్యకారణములలో ఈ వేరుతో రంగు వేసిన గుడ్డలు ఒకటి. ఇంగ్లీషు కంపెనీవారి గ్లోబు ఓడ 1611లో నిజాంపట్టణమునకును, బందరునకును వచ్చినది. ఆగ్నేయాసియా దీవులలో మిరియము, లవంగము కొనవలెనన్న అక్కడివారు మన కోస్తా గుడ్డలను అడిగెడివారు.

చిరివేరును ఊరక కాచి, ఆ నీటిలో నూలు ముంచినచో వచ్చునది వెలిసిన ఎరుపు. మన పనివారి పద్ధతి వేఱు. మొదట గుడ్డను కరక్కాయ రసము, గేదెపాలు కలిపి అందులో తడిపి ఆరవేయుదురు. కరక్కాయలోని వగరు పదార్థము, అనగా టానిన్, ప్రత్తిపోగును గట్టిగ అంటుకొనును. పాలలోని క్రొవ్వు, కలముతో గీసిన రంగు ప్రాకిపోకుండ ఆపును. పిమ్మట నలుపు కావలసినచోట, బెల్లపునీటిలో ఇనుపముక్కలు నానవేసి తీసిన రసమును పూయుదురు. ఇనుము టానిన్‌తో కలిసిన తోడనే నల్లబడును. ఎరుపు కావలసినచోట పటికనీరు పూయుదురు. పటికనీటికి రంగులేదు గనుక ఆ సమయమున గుడ్డపై ఏమియు కనబడదు. గుడ్డను చిరివేరు కషాయములో ఉడికించినప్పుడే, పటిక తగిలినంత మేర ఎరుపు తేరును. మిగిలినచోట పట్టిన లేతరంగు, జాడించి ఎండవేయగా పోవును.

ఇందలి కీలకము పటికలోని అల్యూమినియము. అది ఒకవంక పోగును, పోగుపైనున్న టానిన్‌ను పట్టుకొని, మఱియొకవంక అలిజరిన్ అణువును పట్టుకొనును. ఇట్లు నడుమ నిలిచి రంగును పోగునకు కట్టివేయు పదార్థమును మోర్డంట్ అందురు. అలిజరిన్ నిగనిగలాడుటకు అల్యూమినియముతో పాటు సున్నపు ధాతువు, అనగా కాల్షియము కూడ కావలెను. గుల్లలు కలిసిన తీరపు ఇసుకలో పెరిగిన చిరివేరునకు మంచి పేరు వచ్చుటకు ఇది కారణమై యుండవచ్చునని తలచువారు కలరు. చీరాలలోను, పుట్టపాకలోను నేసిన తేలియా రుమాళ్ల నూలును నూనెలోను, ఆముదపు కాయల బూడిదనీటిలోను దినముల తరబడి నానవేసి పిసుకుట కూడ రంగు కట్టుకొనుటకే. టర్కీ ఎరుపు అను పేర ఐరోపావారు ఆశ్చర్యపడి నేర్చుకొన్న విద్యలోను ఇటువంటి నూనెపనియే ముఖ్యము.

ఈ పద్ధతిని వివరముగ వ్రాసి ఫ్రాన్సునకు పంపినవారిలో కూర్దూ అను క్రైస్తవ ప్రచారకుడు ఒకడు. ఆయన లేఖ 1742 నాటిది. క్రొత్తగా తన మతములో చేరిన అద్దకపు పనివారిని అడిగి తెలిసికొని వ్రాసినాడు. తెలుగు, సంస్కృత, ఫ్రెంచి భాషలకు నిఘంటువు కూర్చినవాడును, సంస్కృతమునకు గ్రీకు లాటిను భాషలతో చుట్టరికము కలదని ముందుగ గ్రహించినవారిలో ఒకడును ఈయనే. మాటల వరుసను గమనించినంత శ్రద్ధతో కరక్కాయల లెక్కను కూడ గమనించినాడు. ఆ తరువాత అర్ధశతాబ్దికి, సామర్లకోటలో తోట వేసిన వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గు, 1795లో వెలువడిన తన కోరమాండల్ మొక్కల గ్రంథపు మొదటి సంపుటమున చిరివేరునకు బొమ్మతో సహా చోటిచ్చెను. ఏటికొప్పాక లక్కబొమ్మలు చేయు అంకుడుచెట్టు ఆకుల నుండి కూడ నీలిమందు తీయవచ్చునని ఆయనే చూపెను.

ఉపాధ్యాయులు తరగతిలో ఈ విషయమును అరగంటలో చూపవచ్చును. ఎఱ్ఱ ఉల్లిపాయల పైపొరలను గుప్పెడు తీసికొని నీటిలో మరిగించి వడగట్టుడు. 10 గ్రాముల చొప్పున ప్రత్తినూలు చిలపలు మూడు తయారు చేయుడు. మొదటిది ఉత్త నూలు. రెండవదానిని 1.5 గ్రాముల పటిక కరగించిన వేడినీటిలో ముందురోజు నానవేయుడు. మూడవదానిని ముందు కరక్కాయ పొడి కలిపిన నీటిలో నానవేసి, ఆరిన పిదప పటికనీటిలో వేయుడు. మూడింటిని ఒకే రంగునీటిలో ఉడికించి, సబ్బుతో ఉతికి, ప్రక్కప్రక్కన ఆరవేసినచో పాఠము చెప్పవలసిన పనిలేదు. మూడవదాని నుండి చిన్నతుంట త్రుంచి అన్నభేది నీటిలో ముంచిన, పసుపువన్నె పోయి పాచివన్నె వచ్చును. కొన్ని పాతపుస్తకములలో మోర్డంటుగ పొటాసియము డైక్రోమేటు వాడుమని యుండును. ఇంటిలోగాని బడిలోగాని దానిని తాకకుండుటయే మేలు. ఆ రూపములోని క్రోమియము పుట్టకురుపు కలిగించు విషము.

నీలిమందునకు మోర్డంటు అక్కరలేదు. అది నీటిలో కరగదు. మన పనివారు దానిని సున్నము, చవుడు, తగిరిసగింజల కషాయము కలిపి కుండలో పులియబెట్టెడివారు. పులియుటవలన కుండలోని ఆమ్లజని హరించి, నీలి రంగులేని రూపము పొంది కరగును. ఆ పసుపుపచ్చని నీటిలో ముంచి తీసిన నూలు, గాలి తగిలినకొలది పచ్చబడి, పిదప నీలమగును. కన్నుల ముందర జరుగు ఈ మార్పును ఎన్నిమారులు చూచినను విసుగు పుట్టదు. కుండ వాసన మాత్రము ఓర్చుకొనవలెను.

పదునెనిమిదేండ్ల కుఱ్ఱవాని ఊదారంగు

సంస్కృతములోని నీల శబ్దము అరబ్బుల నోట అన్నీల్ అయి, పోర్చుగీసువారికి అనిల్ అయినది. 1826లో ఉన్‌ఫెర్డార్బెన్ అనునతడు నీలిమందును పొడిగ కాచి బట్టీపట్టగా నూనెవంటి ద్రవము ఒకటి దిగినది. 1840 ప్రాంతమున ఫ్రిట్జ్‌షే అను రసాయనవేత్త నీలిమందును ఘాటైన క్షారముతో కాచి అదే ద్రవమును పొంది, దానికి అనిలిన్ అని పేరు పెట్టెను. బొగ్గును కాల్చి దీపపు వాయువు తీయగా మిగిలిన జిడ్డుతారులోను ఇదే ద్రవమున్నదని 1843లో హాఫ్‌మన్ తేల్చెను. పారబోయు తారునకును, మన నీలిచెట్టుకును ఇట్లు చుట్టరికము కుదిరినది.

ఆ హాఫ్‌మన్ లండనులో ఉపాధ్యాయుడై యున్నప్పుడు, మలేరియా మందగు క్వినైనును తారు పదార్థముల నుండి తయారుచేయ వీలగునేమో యని తలచెను. ఆయన శిష్యుడు విలియం హెన్రీ పెర్కిన్ 1856 ఈస్టరు సెలవులలో తన ఇంటి ప్రయోగశాలలోనే ఆ ప్రయత్నము చేసెను. అతనికి అప్పుడు 18 ఏండ్లు. అనిలిన్‌ను పొటాసియము డైక్రోమేటుతో కలుపగా నల్లని మడ్డి మిగిలినది. పాత్ర కడుగబోవుచు సారాయి పోసి చూచెను. సుందరమైన ఊదారంగు విడివడెను. అందులో ముంచిన పట్టుముక్క ఎండకు వెలవలేదు. ఆ యేటనే ఆగస్టులో హక్కుపత్రము పొంది, మరుసటి సంవత్సరము తండ్రి సొమ్ముతో లండను పొలిమేరలో కార్ఖానా పెట్టెను. 1858లో విక్టోరియా రాణి తన కుమార్తె పెండ్లికి ఊదారంగు గౌను ధరించినది.

పట్టుకు వెంటనే పట్టిన ఈ రంగు ప్రత్తికి మాత్రము పట్టలేదు. ప్రత్తిగుడ్డల వ్యాపారము లేనిదే కార్ఖానాకు గిట్టదు. పెర్కిన్, అతని మిత్రులు వెదకి వెదకి కనుగొన్న ఉపాయమేమి? ముందుగ ప్రత్తికి టానిన్ పట్టించుట. బందరు పనివాడు కరక్కాయతో చేయుచు వచ్చిన పని అదియే. ఉన్ని, పట్టు మాంసకృత్తులు. వాటి అణువులలో ఆమ్లగుణముగల కొసలు, క్షారగుణముగల కొసలు ఉండును. అట్టి కొసలుగల రంగు అణువులు వాటిని నేరుగ పట్టుకొనును. ప్రత్తి చక్కెర జాతికి చెందిన సెల్యులోజు; దానిలో ఆ కొసలు లేవు. ఈ కారణము పెర్కిన్ నాటికి స్పష్టముగ తెలియదు గాని, రంగునకును పోగునకును పొత్తు కుదురుటలో ఎంపిక ఉన్నదని ప్రతి అద్దకపువానికి తెలియును.

తరువాత చరిత్ర వేగముగ నడచినది. 1868లో గ్రేబె, లీబెర్‌మన్ అనువారు చిరివేరులోని అలిజరిన్‌నే తారు నుండి తయారుచేసిరి. మరుసటి ఏట, దానిని చౌకగ చేయు విధానమునకు జర్మనులు జూన్ 25న దరఖాస్తు పెట్టగా, పెర్కిన్ దరఖాస్తు జూన్ 26న చేరినది. బేయర్ అను పండితుడు నీలి అణువు నిర్మాణమును 1883 నాటికి నిర్ణయించెను. 1897లో కృత్రిమ నీలి అంగళ్లకు వచ్చినది. చిరివేరు త్రవ్వుట వెనుకబడినది. నీలి సాగు క్రుంగినది. ఇందులకు విచారించువారు ఒక మాట జ్ఞాపకముంచుకొనవలెను. వంగదేశపు రైతులు 1859–60లో నీలి వేయమని తిరుగబడిరి. 1917లో గాంధీగారు చంపారన్ వెళ్లినది నీలి రైతుల మొర వినుటకే. చెట్టు నుండి వచ్చినంత మాత్రమున రంగు నిరపాయము, న్యాయము కాజాలదు.

జీవకణములను రంగులో ముంచిన వైద్యుడు

జర్మనీలో క్రొత్త రంగులు సీసాలలో నిండుచుండగా, పాల్ ఎర్లిక్ అను వైద్యవిద్యార్థి వాటిని నూలునకు గాక, శరీరములోని కణములకు వేయుచు కాలము గడపెను. ఒక రంగు ఒక జాతి కణమును పట్టి, ప్రక్కనున్నదానిని వదలుచుండెను. రక్తములోని తెల్లకణములను ఈ విధముగనే అతడు తెగలుగ విడదీసెను. 1876లో కారో తయారుచేసిన మిథిలీన్ నీలిని బ్రతికియున్న జంతువు శరీరములోనికి ఎక్కించగా, నరముల కొసలు నీలముగ తేలి కనబడెను. 1882లో కోహ్ క్షయక్రిమిని కనుగొన్నదియు మిథిలీన్ నీలి సాయముననే.

ఎర్లిక్ ఆలోచన ఇది: రంగు నూలును పట్టినట్లు, క్రిమిని పట్టి, మన కణములను వదలు పదార్థములు ఉండవలెను. అట్టి రంగులో విషమున్నచో, అది క్రిమిని చంపి రోగిని విడిచిపెట్టును. 1891లో ఇద్దరు మలేరియా రోగులకు ఆయన, గుట్‌మన్ కలిసి మిథిలీన్ నీలిని ఇచ్చిరి, ఇద్దరును కోలుకొనిరి. క్వినైను కొఱకు వెదకి రంగును పొందిన పెర్కిన్ కథ ఇక్కడ తిరుగబడి, రంగు మలేరియా మందైనది. క్వినైనునకు సాటి రాలేకపోయినను, ప్రయోగశాలలో పుట్టిన పదార్థముతో మానవుని అంటురోగమును ఎదుర్కొనిన తొలి ఉదాహరణములలో ఇది ఒకటి. 1904లో షిగా అను జపాను శిష్యునితో కలిసి, ప్రత్తికి నేరుగ పట్టు రంగుల జాతిలోని ట్రిపాన్ ఎరుపుతో, ట్రిపనోసోమా క్రిమి సోకిన ఎలుకలను బ్రతికించెను.

రోనాల్డు రాస్ 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో దోమ కడుపున మలేరియా క్రిమిని చూచిన కథ మన విద్యార్థులకు తెలిసినదే. నేడును ఆ క్రిమికై రక్తమును పరీక్షించునప్పుడు గాజుపలకపై పూసిన రక్తపుచుక్కను మిథిలీన్ నీలి, ఈయోసిన్ జాతి రంగుల మిశ్రమములో ముంచి తీయుదురు. అది యొక చిన్న అద్దకమే. క్రిమి కడ్డీకణిక ఎఱ్ఱగను, దాని దేహము నీలముగను తేలును.

ఎఱ్ఱరంగులోని తెల్లమందు

రంగుల కార్ఖానాలవారికి ఒక అనుభవము కలదు. ఎజో జాతి రంగులకు సల్ఫొనమైడు అను గంధకపు కొసను తగిలించినచో అవి ఉన్నిని గట్టిగ పట్టుకొని ఉతుకునకు నిలుచును. ఉన్ని మాంసకృత్తే, క్రిమి దేహమును మాంసకృత్తులతో నిండినదే. ఉన్నిని పట్టునది క్రిమిని పట్టదా? ఈ తలపుతో బేయర్ కంపెనీలో క్లారర్, మీట్జ్ష్ అనువారు రంగులు కూర్చుచుండగా, గెర్‌హార్డ్ డోమాక్ వాటిని ఎలుకలపై పరీక్షించుచుండెను. 1932 డిసెంబరులో, చంపు మోతాదున స్ట్రెప్టోకాకస్ క్రిములు ఎక్కించిన ఎలుకలలో ప్రోంటోసిల్ అను ఎఱ్ఱరంగు ఇచ్చినవి బ్రతికెను, ఇవ్వనివి చచ్చెను. ఫలితములు 1935లో ప్రకటింపబడినవి. కుట్టుసూది గ్రుచ్చుకొని చేయి విషించి, ప్రాణము మీదికి వచ్చిన తన చిన్నకుమార్తెకు డోమాక్ ఈ రంగునే ఇచ్చి బ్రతికించుకొనెను. 1939లో ఆయనకు నోబెల్ బహుమానము ప్రకటింపగా హిట్లరు ప్రభుత్వము పుచ్చుకొననీయలేదు. పతకము 1947లో అందినది.

ఇంతలో పారిసు నగరమున పాస్టరు సంస్థవారు ఒక చమత్కారమును కనిపెట్టిరి. ప్రోంటోసిల్ గాజుకుప్పెలోని క్రిములను ఏమియు చేయదు. శరీరములో అది రెండుగ తెగును. రంగుకు సంబంధించిన సగము నిరుపయోగము. రంగులేని తెల్లని సగము, సల్ఫనిలమైడు, అసలు మందు. ఉన్నిని బట్టి కట్టిన ఊహ తప్పు. దొరికిన మందు నిజము.

మరి సల్ఫనిలమైడు క్రిమిని చంపి మనలను ఏల వదలును? 1940లో ఉడ్స్, ఫిల్డెస్ జవాబు చూపిరి. క్రిములు తమకు వలసిన ఫోలిక్ ఆమ్లమును తామే తయారుచేసికొనవలెను. అందులకు పారా అమైనో బెంజోయిక్ ఆమ్లము ముడిసరకు. సల్ఫనిలమైడు అచ్చముగ దానివలె ఉండి, దాని పీటపై కూర్చుండి, పనిని ఆపివేయును. మనమా, ఫోలిక్ ఆమ్లమును ఆకుకూరలు మొదలగు ఆహారము నుండి పొందుదుము. తయారీ లేదు గనుక ఆటంకమును లేదు. ఆ ఫోలిక్ ఆమ్లమును 1945లో అమెరికా దేశపు లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమముగ తయారుచేసిన బృందమునకు నాయకుడు 1895లో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. క్రిమికిని మనకును గల ఈ తేడాయే మందునకు ఆధారము. ప్రత్తికిని ఉన్నికిని గల తేడా రంగునకు ఆధారమైనట్లే.

పిల్లి వేఱు, మనిషి వేఱు

అనిలిన్ వంశమున ఇంకొక శాఖ కలదు. 1886లో స్ట్రాస్‌బర్గులో కాన్, హెప్ అను ఇద్దరు వైద్యులు కడుపులోని పురుగులకై నాఫ్తలీను ఇచ్చుచుండగా ఒక రోగికి పురుగులు పోలేదు, జ్వరము దిగినది. విచారింపగా, అంగడివాడు పొరబాటున ఇచ్చినది అసిటనిలైడు, అనగా అనిలిన్‌ను అసిటికామ్లముతో కలిపి చేసిన పదార్థమని తేలెను. దానిని జ్వరపు మందుగ అమ్మ మొదలిడిరి. కొందరు రోగుల పెదవులు నీలముగ మారుచుండుట వెంటనే గమనించిరి. మరుసటి ఏట బేయర్ కంపెనీవారు, రంగుల తయారీలో గుట్టలుగ మిగిలిన నైట్రోఫినాల్ నుండి ఫెనాసిటిన్ చేసిరి. అసిటనిలైడు, ఫెనాసిటిన్ రెండును శరీరములో మారి పారాసిటమాల్ అగుచున్నవనియు, జ్వరము దించునది అదియేననియు 1948లో బ్రోడీ, ఏక్సెల్‌రాడ్ నిరూపించిరి. 1955 మొదలు అంగళ్లలో దొరకుచున్న పారాసిటమాల్ నేడు మన ప్రతి ఇంటి అలమారలో ఉన్నది. ఆ తెల్లబిళ్లకు ముత్తవ్వ నీలిమందు.

మా కళాశాల విద్యార్థిని ఒకతె గోడవార దొరికిన పిల్లికూనను ఇంటికి తెచ్చి సాకుచుండెను. దానికి తుమ్ములు, కన్నుల పుసి, ఒడలు కాలుట కలిగినవి. పారాసిటమాల్ బిళ్లలో నాలుగవవంతు పాలలో అరగదీసి పోయవచ్చునా అని నన్ను అడిగినది. “మాస్టారూ, పసిపిల్లలకే వేస్తున్నాము గదా!” అని ఆమె వాదము. వలదని గట్టిగ చెప్పి, కూనను వెచ్చగ చుట్టి పశువైద్యునికి చూపుమని పంపితిని. కారణము ఇక్కడ వివరముగ చెప్పవలసియున్నది. ఏలననగా ఆ వాదము చాలమందికి న్యాయముగ తోచును.

మన కాలేయములో పారాసిటమాల్ చాలభాగము గ్లూకురోనిక్ ఆమ్లముతో జతకూడి మూత్రమున పోవును. ఆ జతకూర్చు ఎంజైమును చేయు జన్యువు పిల్లిలో చెడిపోయి యున్నది. పెంపుడుపిల్లిలోనే గాక సింహము మొదలగు పిల్లిజాతి జంతువులన్నిటిలోను ఇట్లే యున్నట్లు తేలినది. మొక్కలలోని విషములను విరుచుటకు ఎక్కువగ పనికివచ్చు ఈ ఎంజైము, మాంసమే తిని బ్రతుకు జంతువునకు అక్కరలేక శిథిలమైనదని శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. జతకూడని పారాసిటమాల్ వేఱుదారి పట్టి విషపదార్థములుగ మారి రక్తమును తాకును. హెమోగ్లోబిన్‌లోని ఇనుము ఫెర్రస్ రూపము నుండి ఫెర్రిక్ రూపమునకు పోవును. అన్నభేది గాలికి తుప్పువన్నె తిరుగుటలో ఇనుము పొందు మార్పును ఇదే. ఫెర్రిక్ హెమోగ్లోబిన్ ఆమ్లజనిని మోయజాలదు. చిగుళ్లు నీలముగనో, చాక్లెట్టు వన్నెగనో మారును, ముఖము, పాదములు వాచును, ఊపిరి ఎగబ్రాకును.

పిల్లి బరువునకు కిలోకు 10 మిల్లీగ్రాముల పారాసిటమాల్‌కే విషలక్షణములు కనబడిన సందర్భములు కలవు. అరకిలో తూగు కూనకు లెక్కవేసిన అది 5 మిల్లీగ్రాములు. 500 మిల్లీగ్రాముల బిళ్లలో నూరవవంతు. ఆ విద్యార్థిని తలచిన నాలుగవవంతు దానికి ఇరువదియైదు రెట్లు. తెలియక వేసియున్నచో, లక్షణములకై ఎదురుచూడక తక్షణము పశువైద్యుని చేరవలెను. ఎసిటైల్ సిస్టీన్ అను విరుగుడు తొలి గంటలలో ఇచ్చినకొలది మేలు.

ఇందులో మఱియొక మెలిక. మనుష్యులలో ఇట్లు హెమోగ్లోబిన్ చెడినప్పుడు సరిచేయుటకు వైద్యులు వాడు మందు ఎర్లిక్ నాటి మిథిలీన్ నీలి. పిల్లికి దానిని మరలమరల ఇచ్చినచో ఎఱ్ఱకణములే పగులును. ప్రతి హెమోగ్లోబిన్ అణువులోను గంధకపు కొసలు, సులభముగ చెడునవి, మనకు రెండు, పిల్లికి ఎనిమిది. ఒకరికి విరుగుడైనది ఇంకొకరికి హానియగుటకు ఆ కొసలే కారణము. అట్లని రంగుల వంశములోని మందులన్నియు పిల్లికి పగవని కాదు. కాక్సీడియా అను క్రిమివలన కూనలకు విరేచనములు పట్టినప్పుడు పశువైద్యులు వ్రాయు మందులలో సల్ఫా వర్గపువి ముఖ్యము. డోమాక్ ఎఱ్ఱరంగు సంతతి అది. మోతాదు, రోజులు వైద్యుడు నిర్ణయింపవలెను.

రంగుల పని జరుగు ఇంటిలో పిల్లికూన ఉన్నచో ఇంకొక జాగ్రత్త. నూలుచిలపతో కూన ఆడుట చూడ ముచ్చటగ నుండును. పిల్లి నాలుకపైనున్న ముండ్లు లోపలివైపునకు వంగియుండును గనుక, నోట చిక్కిన దారమును అది ఉమిసివేయలేదు, మ్రింగుచు పోవును. ఒక కొస నాలుక మొదట చిక్కి, మఱియొకటి ప్రేగులోనికి దిగినచో, ప్రేగు ముడుతలు పడి తెగును. నోటనుండి వ్రేలాడు దారమును లాగరాదు. పటికనీరు, రంగునీరు ఉన్న పాత్రలపై మూతలుంచవలెను.

విద్యార్థిని కూనను తీసికొనిపోయిన పశువైద్యుడు దాని కన్నులు చూచి, కొసన నారింజవన్నె పూసిన చిన్న కాగితపుపట్టీని తడిపి రెండు కన్నులకును తాకించెనట. ఆ పూత ఫ్లోరెసీన్. నీలి అణువు ముడి విప్పిన బేయరే దానిని 1871లో తయారుచేసెను. కంటి నల్లగ్రుడ్డు పైపొర చెక్కుచెదరక యున్నంతవరకు ఆ రంగు దానికి పట్టదు, కన్నీటితో కొట్టుకొనిపోవును. పొర చిట్లినచోట క్రిందిపొరను పట్టుకొని, నీలికాంతిలో ఆకుపచ్చగ వెలుగును. కూన కుడికన్ను శుభ్రముగ కడిగిపోయెను. ఎడమకంట ఆవగింజంత మేర ఆకుపచ్చగ మెరసెను. వైద్యుడు ఆ పుండునకు చుక్కలమందు వ్రాసియిచ్చెను.